మళ్లీ మొదలుపెట్టే హక్కు

సురవరం ప్రతాపరెడ్డి గారి స్మృతిలో మాట్లాడడం ఎక్కడైనా గౌరవమే. ఆయన పుట్టి పెరిగిన పాలమూరు గడ్డ మీద మాట్లాడడం గౌరవానికి మించిన బాధ్యత. 1926లో గోలకొండ పత్రికను మొదలుపెట్టినవారు ఆయన. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాటకు 1934లో 354 మంది కవుల గోలకొండ కవుల సంచికతో జవాబు చెప్పారు. 1952 ఎన్నికల్లో వనపర్తి ప్రజలు ఆయనను శాసనసభకు పంపారు. ఇవన్నీ ఈ సభకు కొత్తగా చెప్పవలసినవి కావు. ఈరోజు నేను ఆసరా చేసుకుంటున్నది ఆయన మరో కృషిని, 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రను.

రాజుల వంశావళులనూ యుద్ధాల తేదీలనూ దాటి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ పండుగలు చేసుకున్నారు అని వెతికిన గ్రంథం అది. హంసవింశతి వంటి కావ్యాలను ముందు పెట్టుకుని ఆనాటి పిల్లల ఆటల పేర్లను కూడా ప్రతాపరెడ్డి గారు ఓపికగా ఏరారు. కొన్ని ఆటలు ఎలా ఆడేవారో ఈనాడు ఎవరికీ తెలియకపోయినా, ఆటలను చరిత్రలోకి ఎక్కించడమే ఒక పెద్ద మాట. ఆ పద్ధతిని పట్టుకుని ఒక ప్రశ్న వేయవచ్చు. ఆటలాడే పిల్లలు మన సాహిత్యంలో ఉన్నారు, కాపురాలు చేసే పెద్దలు ఉన్నారు. ఈ ఇద్దరి మధ్య వయసువారు ఎక్కడున్నారు? పల్నాటి బాలచంద్రుడి కథ ఇక్కడ గుర్తుకు వస్తుంది. బొంగరాలాడుతున్న కుర్రవాడు ఒక మాట పడి, ఆట వదిలి కార్యమపూడి రణరంగానికి వెళ్లాడు. ఆటకూ యుద్ధానికీ నడుమ ఆలోచించుకునే గడువు ఆ కథలో లేదు, ఆ సమాజంలోనూ లేదు. అతనికి అప్పటికే పెళ్లయిందని కూడా మరవకూడదు.

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఉన్న వయసును ఒక ప్రత్యేక దశగా లోకం గుర్తించినదే ఈమధ్య. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ హాల్ ఆ వయసు మీద రెండు సంపుటాల గ్రంథం అచ్చువేసింది 1904లో. ఆయన దృష్టిలో అది ప్రకృతి తెచ్చే తుఫాను. మార్గరెట్ మీడ్ 1928లో సమోవా దీవుల బాలికల గురించి రాస్తూ, ఆ తుఫాను అన్ని సమాజాల్లోనూ ఒకేలా రాదని వాదించారు. ఆమె సేకరించిన ఆధారాల మీద తరువాత గట్టి వివాదమే నడిచింది. అయినా ఆమె వేసిన ప్రశ్న నిలిచింది: పిల్లల కలతలో శరీరం తెచ్చేది ఎంత, చుట్టూ ఉన్న ఏర్పాటు తెచ్చేది ఎంత? నా వాదం ఈ రెండో భాగం గురించి. మన పల్లెలకు ఈ వయసు ఒక దశగా వచ్చి రెండు మూడు తరాలే అయింది. వచ్చిన వయసుకు మనం ఎంపికలు ఇచ్చాం. ఎంపిక తప్పితే వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెట్టే దారి ఇవ్వలేదు. ఈనాటి పిల్లల మీద ఒత్తిడి అని మనం అంటున్నదానిలో పెద్ద భాగం ఈ లోటు నుంచే పుడుతోంది.

పాలమూరు చరిత్ర నుంచే చూద్దాం. మన తాతల కాలంలో పన్నెండేళ్ల పిల్లవాడు పశులు కాసేవాడు, లేదా పటేలు ఇంట్లో జీతం ఉండేవాడు. అదే వయసు ఆడపిల్లకు పెళ్లి. 1929 నాటి శారదా చట్టం ఆడపిల్లకు పద్నాలుగేళ్లు, మగపిల్లవాడికి పద్దెనిమిదేళ్లు కనీస వయసుగా పెట్టింది. అది బ్రిటిష్ ఇండియా చట్టం, నిజాం సంస్థానానికి వర్తించదు. 1930లో జోగిపేటలో ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ జరిగినప్పుడు, దాని పక్కనే నడింపల్లి సుందరమ్మ గారి అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది. స్త్రీవిద్య, బాల్యవివాహాలు ఆ వేదికలు చర్చించిన విషయాలు. చర్చకూ బడికీ మధ్య దూరం మాత్రం చాలా ఉండిపోయింది. ఎనభై ఏళ్ల తరువాత, 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67.02 శాతం అయితే మహబూబ్‌నగర్ జిల్లాది 55.04 శాతం, రాష్ట్రంలో అన్నింటికన్నా తక్కువ. జిల్లాలో చదవను రాయను వచ్చిన స్త్రీలు సగంమంది కూడా లేరు. అంటే ఇప్పుడు పదో తరగతి చదువుతున్న పిల్లల్లో చాలామందికి ఇంట్లో ఆ తరగతి దాటిన మొదటి మనిషి తామే.

ఈ నేల మరో సంగతి వలస. నాగార్జునసాగర్, శ్రీశైలం కట్టల మీద రాళ్లు మోసిన చేతులు పాలమూరువి. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కుటుంబాలు కుటుంబాలే లేచిపోయేవి. మహబూబ్‌నగర్ నుంచి ముంబయికి నేరుగా బస్సులు నడిచాయంటే కారణం అదే. ఆ కుటుంబాల్లో పద్నాలుగేళ్ల బిడ్డకు రెండు స్థానాలుండేవి. వెంట వెళ్తే సగం కూలీ, ఊళ్లో ఉంటే ముసలివాళ్లకూ చిన్నవాళ్లకూ ఇంటి పెద్ద. 2006లో ఉపాధి హామీ మొదటి విడతలోనే ఈ జిల్లాకు వచ్చింది. ఎల్లూరు, జొన్నలబొగడ, గుడిపల్లిగట్టు మెట్లుగా కృష్ణనీటిని ఎత్తిపోసే కల్వకుర్తి పథకం నాగర్‌కర్నూలు ప్రాంతపు చేలకు నీళ్లు తెచ్చింది. వలస పూర్తిగా ఆగలేదు, కానీ తగ్గింది, రూపం మార్చుకుంది. అమ్మానాన్నలు ఇంటి దగ్గర ఉన్న ఇళ్లలో పిల్లలు బడిలో నిలిచారు. ఒక చరిత్ర విద్యార్థిగా నేను ఇక్కడ గమనించేది ఒకటుంది. ఆనాటి పిల్లవాడి కష్టం పెద్దదే, అయినా అది అతని పేరు మీద రాయలేదు. పశులు కాసినవాణ్ని ఎవరూ ఫెయిలయ్యాడనలేదు. ఆ బతుకు ఇంటిది, ఊరిది, కులానిది, కరువుది. ఈనాడు అదే ఇంటి బిడ్డ పదో తరగతిలో తప్పితే, గ్రూపు ఎంచుకోవడంలో పొరపాటు పడితే, ఆ నష్టం మొత్తం అతని సొంత లెక్కలోకి వెళుతోంది.

పాత బతుకు పూర్తిగా పోయిందని అనుకోవద్దు. గద్వాల, అయిజ, గట్టు, మల్దకల్ చేలకు వెళ్తే అది కొత్త వేషంలో కనిపిస్తుంది. 1970లో సూరత్ పరిశోధన కేంద్రంలో సి.టి. పటేల్ రూపొందించిన హెచ్-4 రకంతో మన దేశంలో సంకర పత్తి వాణిజ్య సాగు మొదలైంది. ఆ విత్తనం తయారు కావాలంటే ప్రతి పువ్వునూ చేత్తో తాకాలి. మధ్యాహ్నం పూట ఆడ మొక్క మొగ్గను గిల్లి లోపలి పుప్పొడి భాగాన్ని తీసేయాలి, మర్నాడు ఉదయం మగ మొక్క పువ్వు తెచ్చి రుద్దాలి. క్రాసింగ్ అని ఇక్కడ పిలిచే ఈ పని పూత ఉన్నన్నాళ్లూ ఒక్కరోజు కూడా ఆగదు. ఆ రెండు మూడు నెలలూ బడి మొదటి అర్ధభాగంలోనే పడతాయి. కంపెనీ నుంచి ఆర్గనైజర్‌కు, ఆర్గనైజర్ నుంచి రైతుకు, రైతు నుంచి కూలి ఇంటికి అడ్వాన్సు దిగుతుంది. ధర పైనుంచి ఖాయమై వస్తుంది కాబట్టి రైతు మిగుల్చుకోగలిగింది కూలిలోనే. కూలి తక్కువ, ఓపిక ఎక్కువ, అడ్వాన్సుకు కట్టుబడి ఉండడం ఖాయం అన్న లెక్కలో ఈ పనికి ఎక్కువగా ఆడపిల్లలను పెట్టారు. వాళ్ల వేళ్లు సన్నగా ఉంటాయి కాబట్టి పని బాగా వస్తుందన్న మాట ఆ లెక్కకు తొడిగిన ముసుగు. 1990ల చివర నుంచి పరిశోధకులూ స్వచ్ఛంద సంస్థలూ దీన్ని బయటపెట్టారు. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్న శాంతా సిన్హా గారి నిర్వచనానికి ఇంతకన్నా సూటి నిదర్శనం దొరకదు. ఒత్తిడి పెరిగి, పెద్ద పొలాల్లో చిన్నపిల్లలను పెట్టడం తగ్గింది. అయితే విత్తన సాగు చిన్న కమతాల్లోకి, సొంత కుటుంబం చేసుకునే మడుల్లోకి జరిగింది. పద్నాలుగేళ్లు దాటిన పిల్లలు అక్కడే ఉన్నారు.

పద్నాలుగేళ్లు. ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి. రాజ్యాంగం 45వ అధికరణంలో పద్నాలుగేళ్ల వరకు నిర్బంధ విద్యను పదేళ్లలో, అంటే 1960 నాటికి, అందించాలని చెప్పుకున్నాం. అది హక్కుగా మారడానికి 2002 నాటి 86వ సవరణ, 2009 నాటి విద్యాహక్కు చట్టం కావలసి వచ్చాయి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకే. రెండో వైపు, 2016లో సవరించిన బాల, కౌమార కార్మిక చట్టం పద్నాలుగేళ్లలోపు పిల్లల చేత పని చేయించడాన్ని నిషేధించింది. బడి వేళలు దాటాక సొంత కుటుంబపు పనిలో సాయపడడాన్ని మాత్రం వదిలేసింది. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల వారికి ప్రమాదకరమైన పనులు తప్ప మిగతావి చేయవచ్చంది. రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. చదువు మీద హక్కు ఏ పుట్టినరోజున ముగుస్తుందో పని చేయడానికి అనుమతి ఆ రోజునే మొదలవుతుంది. తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టే వయసు అది. పదో తరగతి పరీక్ష రాసే బిడ్డ, ఈ దేశపు చట్టం దృష్టిలో, చదవకపోయినా ఎవరూ జవాబు చెప్పనక్కర్లేని బిడ్డ. జాతీయ విద్యావిధానం 2020 పద్దెనిమిదేళ్ల వరకు అందరికీ విద్య అని లక్ష్యం పెట్టుకుంది. లక్ష్యం పెట్టుకోవడం వేరు, కోర్టులో అడిగే హక్కు ఇవ్వడం వేరు.

మిగతా చట్టాలు చూస్తే గందరగోళం ఇంకా పెరుగుతుంది. ఓటుకు పద్దెనిమిది. పెళ్లికి ఆడపిల్లకు పద్దెనిమిది, మగపిల్లవాడికి ఇరవైఒకటి. 2012 నాటి పోక్సో చట్టం పద్దెనిమిదిలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. అదే పిల్లవాడు పదహారు దాటి ఘోరమైన నేరం చేశాడన్న ఆరోపణ ఉంటే పెద్దవాడిగా విచారించవచ్చునని 2015 నాటి బాలల న్యాయచట్టం అంటుంది. పదిహేడేళ్ల ఇద్దరు ఇష్టపడి ఇల్లు వదిలిపోతే పిల్లను పెద్దలకు అప్పగిస్తారు, పిల్లవాడి మీద కేసు పడుతుంది. కులం వేరైతే ఆ కేసు ఎంత దూరం వెళుతుందో ఈ సభకు నేను చెప్పనక్కర్లేదు. ఒక్కో చట్టానికి ఒక్కో న్యాయమైన కారణం ఉండవచ్చు, ఉంది కూడా. అన్నీ కలిసి బిడ్డకు చెప్పేది మాత్రం ఒకటే: నీ మేలు కోసం అడిగితే నువ్వు చిన్నవాడివి, నీ తప్పుకు లెక్క చెప్పవలసి వస్తే పెద్దవాడివి.

ఇప్పుడు పదో తరగతి ఫలితాల తరువాత వచ్చే రెండు వారాలకు వద్దాం. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, పాలిసెట్, ఐటీఐ, గురుకులం, బాసర ట్రిపుల్ ఐటీ. పదిహేనేళ్ల బిడ్డ జీవితంలోని అతి పెద్ద నిర్ణయం ఆ రోజుల్లో జరుగుతుంది. దాన్ని ఎవరు చేస్తారు? ప్రైవేటు కళాశాల పీఆర్వో ఫలితాలు రాకముందే ఇంటికి వస్తాడు. అతని చేతిలో ర్యాంకుల ఫొటోలున్న కరపత్రం ఉంటుంది, ఫీజులో రాయితీ మాట ఉంటుంది. తల్లిదండ్రులు కూలికి వెళ్లినవాళ్లు కాబట్టి మాట్లాడేది అతనొక్కడే. బిడ్డ ఇంటికి దూరంగా హాస్టల్‌లో చేరతాడు. దసరాకు వచ్చేసరికి లెక్కలు తనకు పట్టుబడడం లేదని తెలుసుకుంటాడు. అప్పటికి కట్టిన ఫీజు వెనక్కి రాదు, సర్టిఫికెట్లు కళాశాల బీరువాలో ఉంటాయి, గ్రూపు మారాలంటే ఏడాది పోతుంది. ఇంట్లో అప్పు మాత్రం నిలిచే ఉంటుంది. బిడ్డకు ఆ గ్రూపు కష్టమని ఎవరికీ తెలియక జరిగే నష్టం కన్నా, తెలిసీ దిగిరాలేక జరిగే నష్టమే ఎక్కువని నేను నమ్ముతున్నాను.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాల సమయంలో జరిగినదాన్ని ఈ కోణంలో మళ్లీ చదవాలి. తొమ్మిది లక్షలకు పైగా విద్యార్థులు రాసిన పరీక్షల్లో మూడు లక్షలకు పైగా తప్పారు. మార్కుల నమోదులో తప్పులు బయటపడ్డాయి. తెలుగులో సున్నా వేసిన ఒక విద్యార్థినికి తిరిగి చూస్తే 99 వచ్చాయి. ప్రభుత్వం తప్పినవారందరి పత్రాలనూ ఉచితంగా మళ్లీ చూడమంది, వెయ్యికి పైగా విద్యార్థులు ఉత్తీర్ణులయ్యారు. ఈలోగా ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఏ ప్రాణం పోవడానికైనా ఒకే కారణం చూపడం తప్పు, ఆ పని నేను చేయను. చర్చ అంతా ఫలితాల సాఫ్ట్‌వేర్ చుట్టూ, దాని టెండరు చుట్టూ తిరిగింది, తిరగవలసిందే. అయితే మరో ప్రశ్న అడగకుండా మిగిలిపోయింది. నిజంగానే తప్పిన పిల్లల సంగతేమిటి? యంత్రం సరిగ్గా పనిచేసి సున్నాకు సున్నాయే వచ్చిన బిడ్డకు, రేపు ఉదయం ఏం చేయాలో చెప్పే ఏర్పాటు ఉందా? కొన్ని వారాల్లో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉందని ఆ బిడ్డకు తెలుసు. ఇంట్లో, వీధిలో, వాట్సాప్ గ్రూపులో అది దారిగా గాక శిక్షగా వినిపించడం వల్లనే చిక్కు. దేశం మొత్తం మీద 2022లో 13,044 మంది విద్యార్థుల ఆత్మహత్యలను జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కించింది. మనసు కుంగినప్పుడు మాట్లాడడానికి 14416 టెలిమానస్ నంబరు 2022 నుంచి ఉంది. అది ప్రతి తరగతి గోడ మీద, ముఖ్యంగా ఫలితాలు చూసుకునే ఇంటర్‌నెట్ కేంద్రం గోడ మీద, రాసి ఉండాలి.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పకపోతే ఈ వాదం సగమే అవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. మగపిల్లవాడు తప్పితే ఏడాది పోతుంది, ఆడపిల్ల తప్పితే పెళ్లి మాట మొదలవుతుంది. అందుకే ఆమె పరీక్ష భయంలో చదువు ఒక్కటే ఉండదు. 2014 అక్టోబరులో వచ్చిన కల్యాణలక్ష్మి, షాదీముబారక్ పథకాలు పద్దెనిమిది నిండిన పెళ్లికే సాయం అనే షరతు పెట్టాయి. ఆ షరతు మంచి చేసింది. పెళ్లిని పద్దెనిమిది దాకా ఆపడానికి ఇంటికి ఒక ఆర్థిక కారణం దొరికింది. కానీ పద్దెనిమిదో ఏడు దగ్గర పడేకొద్దీ ఆ డబ్బు ఒక తేదీని కూడా గుర్తుచేస్తుంది. సాయం పెళ్లికి గాక డిగ్రీలో చేరినందుకు ఇచ్చి ఉంటే ఏమయ్యేదని అడగడం పథకాన్ని తిట్టడం కాదు. 2023 డిసెంబరులో మొదలైన ఉచిత బస్సు ప్రయాణం గురించి ఊళ్లలో చాలా వాదన నడిచింది. మండల కేంద్రంలోని జూనియర్ కళాశాలకు రోజూ పోయి రావలసిన అమ్మాయి దృష్టితో చూస్తే, చార్జీ అనే సాకు పోవడం చిన్న మార్పు కాదు. భోజనం సంగతీ అంతే. బడిలో పదో తరగతి వరకు మధ్యాహ్న భోజనం పెట్టి, మర్నాటి నుంచి జూనియర్ కళాశాలలో ఆకలితో కూర్చోమనడంలో అర్థం లేదు. ఆంధ్రప్రదేశ్ 2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కళాశాలలకు భోజనాన్ని విస్తరించింది. ఇక్కడ ఆ మాట చాలాకాలం మాటగానే ఉండిపోయింది.

సెల్‌ఫోన్ గురించి మాట్లాడకుండా ఈ ఉపన్యాసం ముగించరాదని చాలామంది అనుకుంటూ ఉంటారు. క్లుప్తంగానే చెబుతాను. 2020 సెప్టెంబరులో కరోనా వల్ల చదువును టీవీకీ ఫోన్‌కూ మార్చింది పెద్దలమే, అప్పుచేసి ఫోన్ కొనిచ్చింది పెద్దలమే. బడులు తెరిచాక ఫోన్ ఇంట్లోనే ఉండిపోయింది. తెలంగాణ 2017లోనే డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది, ఆస్ట్రేలియా 2025 డిసెంబరు నుంచి పదహారేళ్లలోపు వారికి సామాజిక మాధ్యమాల ఖాతాలు లేకుండా చేసింది. ఇలాంటి నియంత్రణలకు నేను వ్యతిరేకిని కాను. అయితే నా వాదానికి సంబంధించిన అంశం ఇది: పద్నాలుగేళ్ల వయసులో అన్న ఒక పిచ్చిమాట, దిగిన ఒక ఫొటో ఇదివరకు వాడలోనే మాసిపోయేవి. ఇప్పుడు అవి నిలిచిపోతాయి. తప్పు చెరిగే వీలు లేని చోట పిల్లలు పెరగడం చరిత్రలో ఇదే మొదటిసారి. వెనక్కి రాలేకపోవడం అనే కష్టం చదువు నుంచి ఆటపాటలలోకి కూడా పాకింది.

ఈ వాదానికి మూడు అభ్యంతరాలు వినిపిస్తాయి, మూడింటికీ బలం ఉంది. మేం ఇంతకన్నా కష్టాలు పడ్డాం, ఈ పిల్లలకు ఏం తక్కువ అన్నది మొదటిది. నిజమే, వారికి తిండి తక్కువ లేదు. కానీ కష్టాన్ని మోసే తీరు మారిందని ఇందాక చెప్పాను. అందరితో కలిసి మోసిన బరువునూ ఒంటరిగా మోసే బరువునూ ఒకే తక్కెడలో తూచకూడదు. రెండోది ఉపాధ్యాయుల నుంచి వస్తుంది. మళ్లీ అవకాశం ఉందంటే పట్టుదల పోతుందని, ఒత్తిడిలోనే ప్రతిభ బయటికి వస్తుందని అంటారు. 2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కిన సంగతి ఉదాహరణగా చెబుతారు. ఆ ఉదాహరణ నా వైపే మాట్లాడుతుంది. సాంఘిక సంక్షేమ గురుకులం ఆ అమ్మాయిని నేరుగా ఎవరెస్టు మీదికి తోలలేదు. మొదట భువనగిరి గుట్ట మీద ఎక్కడం నేర్పారు, దశలవారీ శిక్షణ ఇచ్చారు, ప్రతి దశలోనూ ఆగి వెనక్కి రావచ్చు. పర్వతారోహణలో దిగిరావడం కూడా విద్యే. మన పరీక్షల్లో ఆ పాఠం ఎక్కడుంది?

మూడో అభ్యంతరం అన్నింటికన్నా బరువైనది. పేద ఇల్లు ఒక బిడ్డ కోసం ఒక్కసారే పందెం కాయగలదు, రెండోసారికి డబ్బు ఎక్కడిది అని తల్లిదండ్రులు అడుగుతారు. దీనికి ఇంటి దగ్గర జవాబు లేదు. అందుకే రెండోసారి అనేది ఇంటి ఖర్చుగా ఉండకూడదు, ప్రభుత్వపు ఏర్పాటుగా ఉండాలి. ఇది ఊహాలోకం కాదనడానికి మన రాష్ట్రంలోనే ఆధారాలున్నాయి. చదువు మధ్యలో ఆగిన పెద్దవాళ్లకు తలుపు తీసిన దేశపు మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే పుట్టింది. ఈనాడు అది అంబేద్కర్ పేరు మీద నడుస్తోంది. జి. రాంరెడ్డి గారు దాన్ని నిర్మించినప్పుడు ఇంటర్ లేనివాడికి కూడా అర్హత పరీక్ష ద్వారా డిగ్రీలో చోటిచ్చారు. వనపర్తి రాజభవనంలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. పదో తరగతి తరువాత అక్కడ డిప్లొమా చేసినవారు ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. దారులు ఉన్నాయి. అవి ఓడిపోయినవాళ్లకు వదిలేసిన పక్కదారులుగా కనిపించడం, పదో తరగతి బిడ్డకు ముందుగా వాటి గురించి ఎవరూ చెప్పకపోవడం అసలు లోపం.

ఇలాంటి లోపాన్ని దిద్దుకున్న దేశం ఫిన్లాండ్. అది ఒకప్పుడు పదకొండేళ్లకే పిల్లలను చదువుకునేవారు, పనిచేసేవారు అని విడదీసేది. 1972లో ఉత్తరాది లాప్లాండ్ నుంచి మొదలుపెట్టి 1977 నాటికి దేశమంతటా ఆ విభజనను ఎత్తివేసింది. పదహారేళ్ల వరకు అందరికీ ఒకే బడి. ఆ తరువాత వృత్తివిద్యకు పోయినా ఉన్నతవిద్యకు అర్హత మూసుకుపోదు. 2021లో నిర్బంధ విద్యను పద్దెనిమిదేళ్ల వరకు పొడిగించింది. అది తక్కువ జనాభా ఉన్న సంపన్న దేశం, మనతో పోలిక కుదరదని అంటారు. డబ్బు విషయంలో కుదరదు. ఏ కోర్సు చివరా గోడ కట్టకూడదన్న నియమానికి మాత్రం పెద్ద ఖర్చు అక్కర్లేదు. గ్రూపు మార్చుకునే బిడ్డకు మొదటి సంవత్సరం మధ్యలో ఒక బ్రిడ్జి కోర్సు, మానేసినవారికి ఫీజూ సర్టిఫికెట్లూ నిర్ణీత గడువులో తిరిగి ఇవ్వాలన్న నిబంధనకు గట్టి అమలు, ఒక ఏడాది ఖాళీ ఉన్నా ప్రభుత్వ సాయం ఆగకుండా చూడడం. ఇవి ఒక బోర్డు ఉత్తర్వుతో జరిగే పనులు. విద్యాహక్కును పద్దెనిమిదేళ్లకు పెంచడం పార్లమెంటు చేయాలి, అడగవలసింది మనం.

మండల స్థాయిలో చేయగలిగిన పని ఒకటి మిగిలి ఉంది. పదో తరగతి పరీక్ష రాసేదాకా బిడ్డ హైస్కూలు ప్రధానోపాధ్యాయుల బాధ్యత. ఇంటర్‌లో చేరాక ప్రిన్సిపాల్ బాధ్యత. మే నుంచి ఆగస్టు దాకా ఆ బిడ్డ ఎవరి బాధ్యతా కాదు. సరిగ్గా ఆ నెలల్లోనే మేస్త్రీ వస్తాడు, పెళ్లి సంబంధం వస్తుంది, పీఆర్వో వస్తాడు, గద్వాల వైపైతే క్రాసింగ్ మొదలవుతుంది. మనం కూర్చున్న ఈ తెలకపల్లి మండలంలో ఈ సంవత్సరం పదో తరగతి రాసిన ప్రతి బిడ్డ పేరూ ఒక పుస్తకంలో రాసి, ఆగస్టు చివరన ఎవరు ఏ గ్రూపులో ఉన్నారు, ఎవరు పనిలో ఉన్నారు, ఎవరికి పెళ్లి కుదిరింది, ఎవరు సప్లిమెంటరీ రాశారు అని ఇంటింటికీ వెళ్లి నింపవచ్చు. సంక్రాంతికి మరోసారి తిరిగితే, గ్రూపు మార్చుకోవాలనుకుంటున్నవారెవరో కూడా తెలుస్తుంది. ఉపాధ్యాయులకు ఇప్పటికే రాతపని ఎక్కువైందన్న మాట నిజం, ఆ పని వారి మీద మోపమని నేను అడగను. గ్రంథాలయాలను జన ఉద్యమంగా నడిపిన ప్రాంతం ఇది. ఆ ఉద్యమంలో ప్రతాపరెడ్డి గారు ముందుండి పనిచేశారు. గ్రామ గ్రంథాలయం, యువజన సంఘం, మహిళా సంఘం, విశ్రాంత ఉపాధ్యాయులు కలిసి ఈ పుస్తకాన్ని నిర్వహించగలరు. మొదటి ఏడాది కొన్ని పేర్లు తప్పిపోతాయి, కొన్ని ఇళ్లు జవాబు చెప్పవు, వలసపోయిన కుటుంబాల దగ్గర ఖాళీలు మిగులుతాయి. ఆ ఖాళీలున్న ఊళ్ల పేర్లతోనే రెండో ఏడాది పని మొదలుపెట్టవచ్చు. ఈ సభలోని పెద్దలు ఒప్పుకుంటే, దాని మొదటి పేజీలోని గడులు ఏవేవి ఉండాలో నిర్ణయించడానికి ఈ సభ వెనక వరుసల్లో ఉన్న తొమ్మిది, పది తరగతుల విద్యార్థులను కూడా కూర్చోబెట్టమని నా మనవి.